చుట్టాలమ్మ కాగితం

పెన్సిలు మొన మళ్ళీ విరిగింది. చుట్టాలమ్మ దాన్ని చెక్కుకుంటూనే, ఎదురుగా కూర్చుని బల్ల అంచు వేళ్ళతో తడిమి చూస్తున్న వడ్రంగిని అడిగింది.

"ఇంతకీ మీరు ఎంతమంది అన్నారు?"

"నలుగురమండి. అన్నదమ్ములం నలుగురం."

"అక్కచెల్లెళ్ళు?"

"ఆఁ, వాళ్ళూ ఉన్నారు."

"ఉన్నారు సరే. ఎంతమంది?"

వడ్రంగి వేళ్ళు మడిచాడు, తెరిచాడు, మళ్ళీ మడిచాడు. "నలుగురు... కాదు కాదు, ఐదుగురు. పెద్దామెతో మాకు మాటల్లేవు లెండి."

"మాటలు మానేస్తే రక్తం మారదు కదా నాయనా. ఐదుగురు." ఆమె స్టెన్సిల్ జరుపుతూ వరసగా ఐదు గుండ్రాలు గీసింది. "పుట్టి పోయినవాళ్ళెవరైనా ఉన్నారా? మీ అమ్మ మొత్తం ఎన్నిసార్లు నీళ్ళోసుకుంది?"

వడ్రంగి కాసేపు పైకప్పు వైపు చూశాడు. "మీరడిగితే గుర్తొస్తోంది. నాకన్నా ముందు ఒక పిల్ల ఉండేదట. ఏడాది నిండకుండానే పోయిందట."

"పేరు పెట్టారా?"

పెట్టారు. అతను ఆ పేరు చెప్పాడు. చెప్పి, తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టు ఆగిపోయాడు. ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా ఎవరూ పలకని పేరు అది. చుట్టాలమ్మ ఆరో గుండ్రం గీసి, పోయినవాళ్ళకి గుర్తుగా దాని మీద ఏటవాలు గీత లాగి, కింద ఆ పేరు పొందికగా రాసింది. నలుగురమని మొదలుపెట్టిన మనిషి పావుగంటలో పదిమందికి చేరాడు. ఆమెకి ఇది రోజూ ఉండే పనే.

ఆసుపత్రి హాజరుపట్టీలో ఆమెకి వేరే పేరుంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే అది తననేనని ఆమెకి వెంటనే తట్టదు. వచ్చినవాళ్ళందరి చుట్టాల గురించీ ఆరా తీస్తుంది కాబట్టి ముప్పై ఏళ్ళ కిందట ఎవరో కాంపౌండరు చుట్టాలమ్మ అన్నాడు. అదే అతుక్కుపోయింది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగే జబ్బుల విభాగంలో ఆమె గుమస్తా. డాక్టరు రోగిని చూడకముందే ఆమె రోగి కుటుంబాన్ని చూస్తుంది. మూడు తరాల మనుషుల్ని ఒక కాగితం మీదికి దించుతుంది. మగవాడైతే చదరం, ఆడమనిషైతే గుండ్రం, కడుపులోనే పోతే చిన్న త్రికోణం. జబ్బున్న మనిషి గుర్తుని లోపలంతా నల్లగా నింపాలి. తనకి జబ్బు లేకుండా లోపల దాన్ని మోస్తున్న ఆడమనిషైతే గుండ్రం మధ్యలో ఒక్క చుక్క పెట్టాలి. డాక్టర్లు దాన్ని వంశవృక్షం అంటారు. వేళ్ళు పైనా కొమ్మలు కిందా ఉండేది ఏం వృక్షమని చుట్టాలమ్మ మాత్రం చుట్టాల కాగితం అనే అంటుంది.

ఆ గుండ్రాల విషయంలోనే ఆమెకి పట్టుదల ఎక్కువ. ఎవర్ని అడిగినా తాత, ముత్తాత, ఆయన తండ్రి దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. నాయనమ్మకి ఎంతమంది చెల్లెళ్ళంటే నోరు వెళ్ళబెడతారు. కొన్ని జబ్బులేమో ఆడవాళ్ళలో రెండు మూడు తరాలు చప్పుడు చేయకుండా ప్రయాణం చేసి, ఉన్నట్టుండి ఒక మగపిల్లాడిలో బయటపడతాయి. పెళ్ళై వెళ్ళిపోయిన మేనత్తో, మాటల్లేని అక్కో కాగితం మీద లేకపోతే ఆ జబ్బు నడిచి వచ్చిన దారి దొరకదు. అందుకని చుట్టాలమ్మ కూపీ లాగుతుంది. విసుక్కుంటే నవ్వుతుంది, కోప్పడితే నీళ్ళిచ్చి మళ్ళీ అడుగుతుంది. నా కాగితంలో మనిషన్నవాడు తప్పిపోడని ఆమె గర్వం. దాన్ని దాచుకునే రకం కూడా కాదు.

ఆ గది మూడో అంతస్తు చివర ఉంటుంది. ఒకప్పుడు దుప్పట్లు దాచేవారు. ఇప్పటికీ వర్షం పడితే ఉతికిన బట్టల వాసన వస్తుంది. గోడ వెంబడి ఇనప బీరువాలు, వాటిలో నాలుగు వేల కుటుంబాలు. కిటికీ పక్కన ఒక బల్ల, దాని కురచ కాలు కింద మడత పెట్టిన అట్టముక్క. బల్ల వెనక చుట్టాలమ్మ, రంగు వెలిసిన నీలం కోటు, దాని జేబులో రబ్బరు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. కుడిచేతి మధ్యవేలికి పెన్సిలు ఆనేచోట లొట్ట పడింది. అరచేతి అంచున పట్టిన నలుపు ఎన్నిసార్లు సబ్బుతో రుద్దినా పోదు. స్టెన్సిల్ ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క. చదరం, గుండ్రం, త్రికోణం కత్తిరించి ఉంటాయి. ఈ విభాగం పెట్టిన పెద్ద డాక్టరు ఆమె చేరిన రోజున ఇచ్చాడు. చదరమూ గుండ్రమూ ఒకే కొలతలో ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూపించి మరీ ఇచ్చాడు.

ఈ సాయంత్రం ఐదింటితో ఆమె ఉద్యోగం ముగుస్తుంది. అయితే ఆమెకి అరవై నిండాయో లేదో ఖాయంగా చెప్పగల మనిషి ఈ లోకంలో లేడు. అనాథ పిల్లల ఆశ్రమం మెట్ల మీద దొరికిన పిల్ల ఆమె. అక్కడి వార్డెను పళ్ళు లెక్కపెట్టి వయసు రాసింది, చేతికొచ్చిన తేదీ పుట్టినరోజుగా వేసింది. "పుట్టడమే అంచనా అయినప్పుడు రిటైరవడం మాత్రం కచ్చితంగా ఎందుకుండాలి, ఇంకో రెండేళ్ళు ఉంచండి" అని ఆఫీసులో అడిగి చూసింది. వాళ్ళు నవ్వారు గానీ ఉంచలేదు.

ఆశ్రమంలో కొంతమంది పిల్లలకి ఆదివారాలు చుట్టాలు వచ్చేవారు. ఎవరూ రాని పిల్లలు ఆ పూట పెరట్లో ఆడుకునేవారు. ఈమె మాత్రం గేటు దగ్గరే నిలబడేది. వచ్చినవాళ్ళు వెళ్ళాక తోటి పిల్లని పట్టుకుని, ఆమె నీకేమవుతుంది అని అడిగేది. పిన్ని. పిన్నంటే? అమ్మ చెల్లెలు. మరి ఆయన? బాబాయి. అంటే మీ నాన్న తమ్ముడా? కాదు, పిన్ని మొగుడు. మరి మీ నాన్న తమ్ముణ్ణి ఏమంటావు? ఆయన్నీ బాబాయనే అంటాను. ఒకే పిలుపులో ఇద్దరు మనుషులు దాక్కుంటారని ఆమెకి ఎనిమిదేళ్ళకే తెలిసిపోయింది. మిగతావాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన వరసల్ని ఆమె ఎక్కాల్లా బట్టీ పట్టింది. అందుకే ఏ పిలుపునీ తేలిగ్గా నమ్మదు. పందొమ్మిదేళ్ళకి ఈ ఆసుపత్రిలో చీటీలు రాసే పనికి కుదిరి, చీటీల వెనక ఏ రోగికి ఏ రోగి ఏమవుతాడో తనకోసం తాను రాసుకుంటూ ఉంటే, పదేళ్ళ తర్వాత ఒకసారి అది పెద్ద డాక్టరు కంట పడింది. మర్నాటి నుంచి ఆమె ఈ గదిలో ఉంది. ఆమె మొదటి ప్రశ్న ఆనాటి నుంచీ మారలేదు. "ఏమని పిలుస్తారో తర్వాత చూద్దాం. ఎవరి కడుపున పుట్టారో చెప్పండి."

వడ్రంగిని పంపేసరికి పదకొండయింది. చుట్టాలమ్మ బల్ల మీద చెయ్యి ఆన్చి, నొప్పి మోకాలిని ఒప్పించుకుని లేచి, సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి వసారాలోకి వచ్చింది. కుళాయి పక్క బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకామెకి పాతికేళ్ళు కూడా ఉండవు, నాలుగైదు నెలల కడుపు, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. రెండో ఆమె ముప్పై అయిదు దాటిన మనిషి. ఒళ్ళో చేతిసంచి నిటారుగా నిలబెట్టుకుని, తనకేం సంబంధం లేనట్టు ఎదుటి గోడ మీది బొమ్మలు చూస్తోంది.

"ఏడిస్తే ఏం లాభం?" అంటోంది పెద్దామె. "మీ అమ్మ వైపు నుంచి వస్తోందని డాక్టరే చెప్పారుగా. మాకు ముందే చెప్పి ఉంటే సరిపోయేది."

"మా అమ్మకి తెలిస్తే కదా వదినా చెప్పడానికి. పది రోజులుగా ఆవిడ అన్నం ముట్టడం లేదు."

"ఇవాళ రక్తం తీసుకుని, కడుపులోకి గుచ్చే ఆ సూది పరీక్షకి తేదీ రాస్తారట. దాన్లో మగపిల్లాడని, జబ్బుందని తేలితే ఈ కడుపు ఉంచుకోవాలా వద్దా అని ఇంట్లో అందరూ తల పట్టుకుని కూర్చున్నారు. మా తమ్ముడి మొహం చూడలేకపోతున్నాను."

"నాకు మాత్రం బాధ లేదా?" అంది చిన్నామె. "హాల్లోకి రావాలంటే భయమేస్తోంది వదినా. మామయ్యగారి ఫోటో ఎదురుగా కనిపిస్తుంది. పన్ను పీకించుకుని రక్తం ఆగక పోయారు. నా బిడ్డకీ అంతేనా అనిపిస్తోంది."

సీసా నిండి నీళ్ళు చెప్పుల మీద పడుతున్నాయి. చుట్టాలమ్మకి ఆ సంగతే పట్టలేదు. ఆమె చెవి ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. మామయ్యగారు అంది ఆ అమ్మాయి. ఎత్తుకుని పెంచిన మేనమామకి ఎవరూ అంత తొందరగా 'గారు' తగిలించరు.

ఆ అమ్మాయి కేసు ఆమెకి తెలుసు, కాగితంగా మాత్రమే. పది రోజుల కిందట, రిటైర్మెంటు కాగితాల మీద సంతకాలకి చుట్టాలమ్మ సెలవు పెట్టిన రోజున, ఈ విభాగం చిన్న డాక్టరమ్మే స్వయంగా వివరాలు అడిగి కంప్యూటరు మిషనులో ఎక్కించింది. ఆ మిషను వచ్చి రెండేళ్ళయింది. వరస చూపిస్తే చాలు, చదరాలూ గుండ్రాలూ అదే గీస్తుంది. పెన్సిలు చెక్కక్కర్లేదు. ఒకసారి నాలుగు బొట్ల టీ పడి రెండు రోజులు మూలన పడిందని చుట్టాలమ్మకి దాని మీద కాస్త చిన్నచూపు.

ఆమె కుళాయి కట్టేసి బెంచీ దగ్గరికి వచ్చింది.

"ఏ మామయ్య తల్లీ?"

చిన్నామె తలెత్తింది. "అదేంటండి, మామయ్యగారే."

"అదే, పుట్టింటి మామయ్యా, అత్తింటి మామయ్యా?"

"నాకు పుట్టింటి మామయ్య ఎవరూ లేరండి. మా అమ్మ వాళ్ళింట్లో ఒక్కతే కూతురు."

"మీరు డాక్టరమ్మకి చెప్పింది..."

"మా మామగారి గురించేనండి. వదిన వాళ్ళ నాన్నగారు. ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బుందా అనడిగితే మామయ్యకి అలా అయిందని చెప్పాను. మీ అమ్మ వైపు నుంచి రావచ్చు, పైకి కనిపించకుండా ఉంటుంది అన్నారు. డాక్టరమ్మే చెబుతున్నారు కదా, నిజమే అనుకున్నాను."

"మా నాన్నకి జబ్బేమీ లేదు," అంది వదిన గారు, సంచి ఇంకాస్త నిటారుగా జరిపి. "ఆ పళ్ళ డాక్టరుకి చేతకాక అలా అయింది. మా ఇంట్లో ఇలాంటివి లేవు."

చుట్టాలమ్మ ఇద్దర్నీ గదిలో కూర్చోబెట్టి, బీరువాలోంచి ఆ కేసు తీసింది. మిషను గీసిన కాగితం మహా అందంగా ఉంది. అమ్మాయి తల్లి గుండ్రం మధ్యలో చుక్క, ఆ పక్కన తమ్ముడిగా నల్లటి చదరం. అసలు పుట్టనే పుట్టని మనిషి, పుట్టని ఇంట్లో పుట్టి, పన్ను పీకించుకుని పోయాడు. ఆ కాగితాన్ని చూస్తుంటే ఆమెకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఎక్కడో ఒక తల్లి పది రోజులుగా తిండి మానేసి తను చేసిన పాపమేమిటా అని వెతుక్కుంటోంది.

డాక్టరమ్మ గది పక్కనే. ముప్పై నిండని పిల్ల, చురుకైనది. చుట్టాలమ్మని అమ్మా అని పిలుస్తుంది. కాగితం తన ముందు పెట్టి సంగతి చెప్పగానే ఆమె మొహంలో రంగు మారిపోయింది.

"మామయ్య అంది కదమ్మా. నేను మామ అని ఉన్నదాని మీద నొక్కాను."

"నొక్కుతావు మరి. మామయ్యంటే నీకు మీ అమ్మ తమ్ముడే. పెళ్ళయ్యుంటే ఇంకొకాయన కూడా ఉంటాడని నీకు తెలిసేది. దాన్లో ఎన్ని మామలున్నాయి?"

"ఒక్కటే ఉంది." డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సూది పరీక్ష దాకా వెళ్ళేవాళ్ళం. అందులో కడుపు పోయే ప్రమాదం కూడా కొంచెం ఉంటుంది. అదీ కాకపోతే..."

"వెళ్ళలేదుగా. మొహం కడుక్కుని రా. తప్పయిందని నువ్వే వాళ్ళతో చెప్పాలి. నేను ఈలోపు గీస్తూ ఉంటాను."

డాక్టరమ్మ వచ్చి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి, పొరపాటు నాదేనమ్మా అని చెప్పింది. చుట్టు తిప్పకుండా, ఒక్క ముక్కలో. చుట్టాలమ్మకి ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది. తను వెళ్ళినా ఈ గదికి ఢోకా లేదనుకుంది.

తెల్ల కాగితం మీద ఆమె మొదట ఫోటోలోని పెద్దాయనకి చదరం గీసి, నల్లగా నింపి, ఏటవాలు గీత లాగింది. కింద ఇద్దరు పిల్లలు. కొడుక్కి చదరం గీసింది, దాన్ని తెల్లగానే వదిలేసింది.

"ఇది మీ ఆయన. ఇదిగో, ఈ గుండ్రం నువ్వు. నీ కింద నీ బిడ్డ. అబ్బాయో అమ్మాయో తెలియదు కాబట్టి ఇలా వజ్రం గుర్తు." స్టెన్సిల్‌లో వజ్రం లేదు. చదరాన్నే మూల మీద నిలబెట్టి గీసింది. "ఈ జబ్బు ఉండే చోటు తండ్రి దగ్గర్నుంచి కొడుక్కి వెళ్ళదు తల్లీ. కొడుక్కి ఆయన ఇచ్చే క్రోమోజోము వేరు. అందుకని మీ ఆయన దగ్గర ఇది లేదు. మీ అమ్మ దగ్గర్నుంచి నీకు వచ్చే దారి అసలే లేదు. నీ బిడ్డకి మీ మామగారి దగ్గర్నుంచి ఏదైనా వస్తే మొండితనం వస్తుందేమో గానీ, ఈ జబ్బు రాదు. అవునా డాక్టరమ్మా?"

"అవును. ఏ పరీక్షా అక్కర్లేదు."

ఆ అమ్మాయి రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. తర్వాత గబగబా ఫోను తీసి వసారాలోకి వెళ్ళింది. తలుపు సందులోంచి ఆమె గొంతు వినిపించింది. "అమ్మా, నువ్వు కాదు. నీ వల్ల కాదంటున్నారు. నువ్వు ముందు అన్నం తిను. తిని ఫోన్ చెయ్యి."

చుట్టాలమ్మ పెన్సిలు అప్పటికే పక్కకి జరిగింది. పెద్దాయనకి రెండో సంతానం, ఆడపిల్ల. గుండ్రం గీసింది. డాక్టరమ్మ కూడా కాగితం మీదికి వంగింది. ఇద్దరికీ తెలుసు. తండ్రికి ఈ జబ్బుంటే కొడుకులందరూ తప్పించుకుంటారు, కూతుళ్ళలో ఒక్కరూ తప్పించుకోరు. చుట్టాలమ్మ పెన్సిలు మొన గుండ్రం మధ్యలో ఆన్చి, మెల్లగా ఒక చుక్క పెట్టింది.

"ఆ చుక్కేమిటి?" అంది వదిన గారు.

"డాక్టరమ్మ చెబుతారు. ముందు ఇది చెప్పు తల్లీ, నీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు. పెద్దది ఆడపిల్ల. చిన్నవాడికి ఆరేళ్ళు."

"దెబ్బ తగిలితే వాడికి ఎలా ఉంటుంది?"

"వాడొక కోతి లెండి, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కమిలే ఉంటాడు. మొన్న పెదవి చిట్లితే మూడు రోజులు కారుతూనే..." ఆమె మాట నెమ్మదించింది. చూపు కాగితం మీదికి వెళ్ళింది. నల్లటి చదరం, దాని కింద గీత, ఆ గీత చివర చుక్క ఉన్న గుండ్రం. "ఎల్లుండి వాడికి టాన్సిల్స్ తీయిస్తున్నాం. మా వీధి ఆసుపత్రిలోనే."

నిటారుగా ఉన్న చేతిసంచి ఒళ్ళోంచి జారి కింద పడింది. డాక్టరమ్మ కుర్చీ ఆమె దగ్గరికి లాక్కుని కూర్చుని, అన్నీ విడమరిచి చెప్పింది. ఆమె మోస్తోందన్నది ఖాయం. కొడుక్కి వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు, సగానికి సగం. రక్తపరీక్ష చేస్తే ఈ పూటే తేలిపోతుంది. తేలేదాకా వాడి ఒంటి మీద కత్తి పెట్టనివ్వకూడదు.

"మా ఇంట్లో ఇలాంటివి లేవని నేనే..." వదిన గారు మరదలి వైపు చూడలేకపోయింది. "పది రోజులుగా దీన్ని నానా మాటలూ అన్నాను."

ఫోను మాట్లాడి వచ్చిన మరదలు గుమ్మంలో నిలబడి అంతా వింది. వంగి సంచి తీసి పక్కన పెట్టి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"అవన్నీ ఇంటికెళ్ళాక చూసుకుందాం వదినా. మీ తమ్ముడికి ఫోన్ చేస్తాను, బడి నుంచి వాణ్ణి తీసుకొచ్చేస్తారు."

చుట్టాలమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా. మీ నాన్న నీకు ఆ ముక్కు ఇచ్చాడు, ఆ పట్టుదల ఇచ్చాడు, వాటితో పాటు ఇదీ ఇచ్చాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆయన చేతిలో ఇలాంటి కాగితం ఉండుంటే బతికేవాడు. ఇప్పుడు నీ కొడుక్కి ఉంది."

పిల్లాడు పన్నెండున్నరకి వచ్చాడు. మోకాలి మీద నీలం మచ్చ, నోటి నిండా కబుర్లు. రక్తం తీస్తుంటే ఏడవకుండా, ఆ సీసా నాకిస్తారా అని అడిగాడు. సూది గుచ్చిన చోట నర్సు ఇరవై నిమిషాలు దూది అదిమి పట్టుకుంది. చుట్టాలమ్మ ఆ ఇరవై నిమిషాలూ గడియారం వంక చూస్తూ, ఇంకో కుటుంబాన్ని కాగితం మీదికి దించుతూనే ఉంది. ఆ కుటుంబం వాళ్ళు ముగ్గురమని మొదలుపెట్టారు, ఏడుగురు తేలారు.

నాలుగింటికి ల్యాబు నుంచి చీటీ వచ్చింది. రక్తం గడ్డకట్టడానికి కావలసినది పిల్లాడి ఒంట్లో మామూలుగా ఉండాల్సిన దాన్లో ఆరో వంతే ఉంది. రోజూ తిరగడానికి, గెంతడానికి అది సరిపోతుంది. గొంతులో కత్తి పెడితే మాత్రం సరిపోదు. ఆపరేషన్ ఇక్కడే, ముందుగా ఆ లోటు పూడ్చే మందు ఎక్కించి చేద్దామని డాక్టరమ్మ తేదీ రాసిచ్చింది. వెళ్ళేముందు వదిన గారు చుట్టాలమ్మ బల్ల ముందు ఆగింది. ఆ నలుపంటిన చేతిని రెండు చేతులతో పట్టుకుని వదిలింది. మరదలూ ఆమే ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగారు. ముందు పిల్లాడు రెండేసి మెట్లు దూకుతూ ఉంటే, దూకకురా అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

చుట్టాలమ్మ కాగితం మీద ఆఖరి చదరాన్ని నల్లగా నింపింది. బాధగానే నింపింది. కానీ తన పెన్సిలు ఆ చదరం మీద ఏటవాలు గీత లాగాల్సిన అవసరం రాలేదన్న తృప్తి ముందు ఆ బాధ నిలవలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె గీసినవి ఎక్కువగా అయిపోయిన కథలు. ఇవాళ ఒకటి అయిపోకుండా ఆపింది. ఈ ఒక్క రోజు కోసం ముప్పై ఏళ్ళు కూర్చోమన్నా మళ్ళీ కూర్చుంటాననుకుంది.

నాలుగున్నరకి అందరూ ఆ ఇరుకు గదిలోనే చేరారు. టీ, బిస్కెట్లు, రంగు కాగితం చుట్టిన గోడ గడియారం. ఇన్నాళ్ళూ టైము చూసుకునే తీరిక లేదు, ఇప్పుడు టైము తప్ప చూసేదేమీ లేదు, మంచిదే ఇచ్చారంది చుట్టాలమ్మ. నవ్వులయ్యాక డాక్టరమ్మ మొహమాటంగా ముందుకొచ్చింది.

"నేను ఇంకోటి ఇద్దామనుకున్నానమ్మా. మీ చుట్టాల కాగితం మీకే గీసి, ఫ్రేమ్ కట్టించి. మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నాను. ఆ మిషను మీ దగ్గరే ఆగిపోతోంది. తల్లిదండ్రుల వివరాలు లేకుండా ముందుకెళ్ళనంటోంది."

ఎవరో ఇబ్బందిగా దగ్గారు. చుట్టాలమ్మ మాత్రం పకపకా నవ్వింది.

"దానికేం తెలుసు పాపం. ఇలా తే."

ఆమె కాగితం తీసుకుని నిలబడే గీసింది. పైన, నడి మధ్యలో, ఒక గుండ్రం. దాని పైన ఏ గీతా లేదు. పక్కన ఒక చదరం, ఈ ఆసుపత్రిలోనే ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపిన ఆమె భర్త. కింద ఒక కూతురు, ఆ కింద ఇద్దరు మనవరాళ్ళు. మొత్తం మీద నాలుగు గుండ్రాలు, రెండు చదరాలు. రెండో చదరం అల్లుడిది.

"మీకు పైన ఏమీ గీయలేదేమమ్మా?" అంది నర్సు జాలిగా.

"పైన ఎవరూ లేరు. మా వంశానికి మూలపురుషుణ్ణి నేనే," అంది చుట్టాలమ్మ. అందరూ నవ్వారు గానీ ఆమె సగం నిజంగానే అంది. ఇంతమందికి ముత్తాతల్ని వెతికిపెట్టిన మనిషికి తన పైన ఉన్న ఖాళీని చూస్తే ఒకప్పుడు గుండె కలుక్కుమనేది. ఇప్పుడు ఆ ఖాళీ కింద నిండుగా మనుషులున్నారు. ఏ పిలుపూ పుట్టుకతో రాని మనిషి ఇవాళ ఒక పిలుపు విని ఒక పిల్లాణ్ణి కాపాడింది. ఇంకేం కావాలి?

"పోతే, ఆ మిషనుకి మామల్ని నేర్పించావా?" అని అడిగింది.

డాక్టరమ్మ మధ్యాహ్నమే ఆ కంపెనీవాళ్ళతో మాట్లాడింది. ఇకనుంచి మామ అని నొక్కితే మూడు గళ్ళు తెరుచుకుంటాయి, అమ్మ తోడబుట్టినవాడు, మేనత్త భర్త, అత్తింటి మామగారు. ఏదో ఒకటి ఎంచుకోకపోతే గీత పడదు. చుట్టాలమ్మ తెర దగ్గరికి వంగి ఆ మూడు గళ్ళనీ వేలితో నొక్కి చూసింది. "బాగుంది. ఇప్పుడు బాబాయిల సంగతి చూడు," అంది.

ఐదింటికి లిఫ్టాయన వచ్చాడు. రిటైరై నాలుగేళ్ళయినా ఆ లిఫ్టులో ఇంకెవర్నీ మీట నొక్కనివ్వడు. గడియారం ఆయన చంకలో పెట్టుకున్నాడు. చుట్టాలమ్మ నీలం కోటు విప్పి మేకుకి తగిలించింది, బీరువాల తాళాలు డాక్టరమ్మ చేతిలో పెట్టింది. స్టెన్సిల్ సంచిలో వేసుకుంది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి దాన్ని తీసి, తుడిచి, బల్ల మీద పెట్టింది.

"నాకెందుకిది? మా వాళ్ళు ఆరుగురే. చేత్తో గీసేస్తాను."

లిఫ్టు తలుపులు మూసుకుంటూ ఉంటే, వడ్రంగి పెద్దక్కని రేపు పిలిపించమనీ, మాటల్లేవంటే వినొద్దనీ ఆమె లోపలి నుంచి చెబుతూనే ఉంది. తర్వాత లిఫ్టు కిందికి వెళ్ళిన చప్పుడు మాత్రం మిగిలింది.

డాక్టరమ్మ గదిలోకి వచ్చి ఆ ఆకుపచ్చ ముక్కని కిటికీ వెలుతురులో ఎత్తి పట్టుకుంది. ఒకే కొలతలో మొదలైన రెండు రంధ్రాల్లో చదరం మూలలు ఇంకా పదునుగానే ఉన్నాయి, గుండ్రం మాత్రం పెన్సిలు తిరిగి తిరిగి అరిగి, పక్కనున్న చదరం కన్నా కాస్త పెద్దదైంది.